కొత్త తెప్పా, పాత తెప్పా?

వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15న మొదలై జూన్ 14తో ముగుస్తుంది. ఆ 61 రోజులూ ఇంజను పడవలు ఇసుక మీదే ఉంటాయి. వలలు బాగుచేసుకునేది అప్పుడే, పడవల బేరాలు జోరందుకునేదీ అప్పుడే. భోగాపురం మండలం ముక్కాం మొదలుకొని ఇచ్ఛాపురం మండలం డొంకూరు దాకా ఏ ఊరి ఒడ్డుకు వెళ్లినా, పడవ నీడన చేరిన నలుగురి మాటల్లో ఈ ప్రశ్న ఒకటి తప్పక వినిపిస్తుంది. కొత్త ఫైబరు తెప్ప కట్టించడమా, లేక అమ్మకానికి ఉన్న పాతదాన్ని పుచ్చుకోవడమా?

పట్నంలో ఉండేవారికి ఇది సైకిలు కొనడం లాంటి సంగతి అనిపించవచ్చు. సైకిలు చెడితే దిగి నడుస్తాం. పది మైళ్ల లోతున తెప్ప చీలితే దిగడానికి నేల ఉండదు. ఒక్కో తెప్ప మీద నలుగురైదుగురు వెళతారు. చాలాసార్లు వారంతా ఒకే ఇంటివారు, లేదా బావా బావమరుదులు. కొన్నది ఒకరైనా అందులో పెట్టేది అందరి ప్రాణమూ.

మన తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. వారి తెప్పకు కొత్త, పాత అనే భేదం లేదు. తేలికపాటి దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి వేటకు వెళ్లేవారు. తిరిగి వచ్చాక కట్లు విప్పి దుంగలను ఎండలో ఆరవేసేవారు. ఒక దుంగ నానిపోతే దాన్ని తీసేసి వేరొకటి పెట్టేవారు. అలా నాలుగైదేళ్లలో తెప్ప మొత్తం మారిపోయినా అది అదే తెప్ప. మాసులా నావదీ ఇదే తంతు. పలకలకు మేకు అన్నది కొట్టకుండా కొబ్బరితాడుతో కుట్టేవారు. కుట్టు సడలితే విప్పి మళ్లీ కుట్టేవారు. కెరటం కొడితే ఆ నావ విరగకుండా ఒంగేది. ఈ తీరంలో కెరటాల వరుసలు దాటడానికి అంతకన్నా తెలివైన పని ఎవరూ చేయలేదనే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, దాని రోగం కంటికి కనపడేది. కుళ్లిన దుంగ బరువెక్కుతుంది, పాత తాడు పీచు లేస్తుంది. కొనేవాడిని అమ్మేవాడు మోసం చేయాలన్నా కుదిరేది కాదు.

తరువాత ఫైబరు వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం అనే పథకం మొదలుపెట్టి, రేవు లేని ఒడ్డున కెరటాల మీదుగా దిగగల పడవల నమూనాలపై చాలా కృషి చేసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో దుంగల తెప్ప ఆకారానికే ఫైబరు రూపం ఇచ్చి, లోపల నురుగు దిమ్మలు నింపి తయారుచేసిన తెప్పలు మన ఒడ్డునంతా పరచుకున్నాయి. మంచి దుంగ దొరకని రోజుల్లో ఇది వరమే. రోజూ విప్పి కట్టే పని లేదు, ఆరబెట్టే పని లేదు. కానీ ఫైబరుకు ఒక దుర్గుణం ఉంది. అది తన జబ్బును దాచుకుంటుంది. పైన రంగు నిగనిగలాడుతుంటే లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. కొత్తా పాతా అన్న తగువు ఇక్కడే పుట్టింది.

ముందు కొత్తదాని సంగతి చూద్దాం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సంప్రదాయ మత్స్యకారులకు పాత పడవ స్థానంలో కొత్త పడవ, వలలు ఇచ్చే అంశం ఉంది. దానికి లెక్కకట్టిన ధర 5 లక్షల రూపాయలు. అందులో 40 శాతం, అంటే 2 లక్షలు సబ్సిడీ. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, మహిళలకు 60 శాతం. మన తీరంలో వేటకు వెళ్లేవారిలో అత్యధికులు వాడబలిజలు, జాలర్లు. వీరు వెనుకబడిన తరగతులవారు గనుక 40 శాతం కిందికే వస్తారు. మిగిలిన 3 లక్షలు ఎవరు తేవాలి? తెప్ప కొనేవాడే తేవాలి. సబ్సిడీ చేతికి అందేదాకా ఆ 2 లక్షలు కూడా ఎక్కడో ఒకచోట సర్దుబాటు చేయవలసినదే.

3 లక్షలు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకోండి. నెలకు 6 వేలు వడ్డీ. నిషేధపు రెండు నెలల్లో పైసా రాబడి లేకపోయినా 12 వేలు కట్టాలి. 2025 ఏప్రిల్ 26న ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే ముఖ్యమంత్రి ప్రారంభించిన పథకం కింద నిషేధ కాలపు భృతి 10 వేల నుంచి 20 వేలకు పెరిగింది. పెరిగినందుకు సంతోషమే. కానీ కొత్త తెప్ప కొన్నవాడి ఇంట్లో ఆ 20 వేలలో 12 వేలు వడ్డీకే పోతే, మిగిలిన 8 వేలతో రెండు నెలలు పొయ్యి వెలగాలి. అసలు సంగతి ఇంకా ఎత్తనేలేదు.

షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకుంటే వడ్డీ ఉండదని కొందరు మురిసిపోతారు. వడ్డీ లేని అప్పు లోకంలో లేదు. పట్టిన చేప ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి. బుట్టకు తగ్గే నాలుగు రూపాయలే వడ్డీ. ఆ అప్పు తీరేదాకా తెప్ప పేరుకు మనదే గాని, అది తెచ్చే చేప మనది కాదు. కొత్త తెప్ప మీద ఇంటిపేరు రంగుతో రాయించుకుని, దేవుడి బొమ్మ వేయించి, కొబ్బరికాయ కొట్టినప్పటి ఆనందం ఎన్నాళ్లుంటుందో ఆ ఇంటి ఆడవారిని అడగాలి. చేపల గంప నెత్తిన పెట్టుకుని సంతకు నడిచేది వారే కదా.

కాబట్టి సబ్సిడీ దొరికి, పైన కావలసిన సొమ్ములో సగానికి తక్కువ కాకుండా సొంతంగా ఉన్నవారు మాత్రమే కొత్త తెప్ప జోలికి వెళ్లడం మేలని నా అభిప్రాయం. తక్కినవారికి మంచి పాత తెప్పే మంచిది. ఇందులో ‘మంచి’ అనే మాట దగ్గరే పనంతా ఉంది.

పాత తెప్ప కొనడానికి వెళ్లేవాడు ఉదయం పూట వెళ్లాలి. సాయంకాలం నీడల్లో పగుళ్లు కనపడవు. వెళ్లగానే ధర అడగకూడదు. ముందు తెప్పను బోర్లా వేయించాలి. మన ఒడ్డున పడవ ఆగేది ఇసుక మీద. దినదినమూ ఇసుక మీద ఈడ్చగా ఈడ్చగా అడుగు వెన్ను అరిగిపోతుంది. పైపూత పోయి గాజుపీచు అల్లిక బయటపడిందంటే ఆ చోట నీరు లోపలికి తాగుతున్నదన్నమాట. తరువాత ఒక రూపాయి బిళ్లతో గాని, చిన్న చెక్క సుత్తితో గాని అడుగంతా జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట ఖంగుమంటుంది. పొరలు విడిన చోట ఎండిన సొరకాయ మీద కొట్టినట్టు బోలుగా పలుకుతుంది. అలాంటి చోటల్లా బొగ్గుతో గీత పెట్టాలి. ఒకటి రెండు చోట్లయితే బాగుచేయవచ్చు. గీతలు కలిసి గీత మీద గీతగా పెద్ద మచ్చ అయితే, మారు మాట లేకుండా తిరిగి వచ్చేయాలి.

పైపూత మీద చిన్న చిన్న పొక్కులు ఉంటే వేలితో నొక్కి చూడాలి. పొక్కు చితికి పుల్లటి వాసన గల నీరు కారితే పొర కింద నీరు చేరినట్టే. ఇంజను బిగించే వెనుక పలక దగ్గర మరీ జాగ్రత్త అవసరం. అక్కడ లోపల చెక్క గాని ప్లైవుడ్ గాని పెట్టి పైన ఫైబరు వేస్తారు. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగి లోపలి చెక్క చివికినా బయటికి చిహ్నం కనపడదు. ఇంజను మీద ఇద్దరిని కూర్చోబెట్టి పైకీ కిందికీ ఊపి చూడండి. పలక కదిలితే, లేదా బోల్టు చుట్టూ గోధుమరంగు నీరు కారితే, దాని ధర సగానికి దిగినట్టే.

తెప్ప బరువు సంగతి చాలామంది పట్టించుకోరు. లోపల నింపిన నురుగు నీరు తాగితే ఇక ఆరదు. ఆ ఊళ్లో అంతే పొడవున్న వేరే తెప్పను ఎందరు మోస్తున్నారో గమనించి, దీన్నీ అంతమందితోనే లేపించండి. మరో ఇద్దరు కావలసి వస్తే అది తెప్ప కాదు, స్పాంజి. ఇంకొక దురలవాటు కూడా ఉంది. లోపల సామాను పెట్టుకునే చోటు కోసం నురుగు దిమ్మలను కోసి పారేసేవారున్నారు. తిరగబడినా తెప్పను తేల్చి ఉంచేది ఆ దిమ్మలే. వాటిని కోసేసిన తెప్పను ఉచితంగా ఇచ్చినా తీసుకోరాదు.

తిత్లీ నాడు ఈ తెప్ప ఎక్కడ ఉంది? ఈ ఒక్క ప్రశ్న అమ్మేవాడిని తప్పక అడగాలి. 2013లో పైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ, 2021 సెప్టెంబరు 26 సాయంత్రం గులాబ్... దశాబ్దం తిరగకుండా ఇన్ని తుపానులు చూసిన ఒడ్డు మనది. తాటిచెట్టుకు కొట్టుకుని, పక్క పడవ మీద పడి చితికిన తెప్పలకు పైన ఒక పొర, దాని పైన నీలం రంగు వేసి, పది ఊళ్ల అవతల అమ్మడం తెలియని విషయం కాదు. రంగు కొత్తగా ఉంటే సంతోషించకండి, అనుమానించండి. నాలుగు చోట్ల గీకి చూపించమని అడగండి. నిజాయతీపరుడు గీకనిస్తాడు. ‘అల్లుడా, నీ దగ్గర నేను అబద్ధమాడతానా’ అన్న మాట వినిపించిందంటే, గీకే పని మరింత అవసరమని అర్థం.

ఇక మరమ్మతు. పగులు మీద పైపైన జిగురూ పీచూ అంటించడం మరమ్మతు కాదు. చెడిన పొరను గట్టి పొర తగిలేదాకా అరగదీసి, మంచినీటితో ఉప్పు కడిగి, పూర్తిగా ఆరాక అసిటోనుతో తుడిచి, అప్పుడు పీచు వేయాలి. చెమ్మ మీద వేసిన పొర నాలుగు వేటలకే ఊడివస్తుంది. నిషేధపు రెండు నెలల ఎండలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. అందుకే బేరం చేస్తే ఏప్రిల్ నెలాఖరుకే చేయాలి. జూన్ పదో తేదీన కొని పదిహేనున సముద్రంలో దించేవాడికి ఆరబెట్టే సమయం ఎక్కడిది?

కొత్తది కాబట్టి లోపం ఉండదనుకోవడమూ పొరపాటే. ఫైబరు తెప్ప బలమంతా ఎన్ని పొరలు వేశారన్న దానిలో ఉంటుంది. ధర తగ్గించడానికి ఒక పొర ఎగ్గొడితే పైకి ఎవరికి తెలుస్తుంది? కొత్తది కట్టించేవారు డబ్బు కట్టి ఇంటికి రాకుండా, పొరలు వేసే రెండు మూడు రోజులూ అక్కడే కూర్చోవాలి. ఆ విషయంలో పాత తెప్పకే ఒక మార్కు ఎక్కువ ఇవ్వాలి. ఐదేళ్లు కెరటాలు కొట్టినా నిలిచిందంటే దాని పరీక్ష అయిపోయినట్టే.

కాగితాల సంగతికి వస్తే మనవాళ్లు ఇక్కడే ఎక్కువ దెబ్బ తింటున్నారు. నోటిమాట మీద, పెద్దమనుషుల ఎదుట డబ్బు లెక్కపెట్టి తెప్పను తోలుకువస్తారు. రిజిస్ట్రేషను మాత్రం పాత యజమాని పేరనే ఉండిపోతుంది. డీజిలు మీద 2019లో లీటరుకు 9 రూపాయలు చేసిన రాయితీ రిజిస్టరైన పడవకే. నిషేధ భృతికి లెక్క రాసేది రిజిస్టరైన పడవను చూసే. తుపానులో పడవ పోతే పరిహారమూ ఆ పేరుకే. పడవ మీది, పరిహారం వాడిది. ఆ తగవు కులపెద్దల దగ్గరకు వెళ్లేసరికి రెండు ఊళ్ల మధ్య రాకపోకలే తెగిపోతాయి. పేరు మార్పిడి అయ్యేదాకా ధరలో కొంత సొమ్ము ఆపి ఉంచడం ఒక్కటే దీనికి మందు.

కొన్నాక ఇంటికి తేవడం మరో ఘట్టం. గులాబ్ తుపాను నాడు ఏం జరిగిందో పలాస ప్రాంతంవారు మరచి ఉండరు. ఒడిశాలో పడవ కొనుక్కుని సముద్రం మీదుగా స్వగ్రామానికి వస్తున్న మన మత్స్యకారులు ఆరుగురు మందస తీరం దగ్గర తుపానులో చిక్కుకున్నారు. పడవ తిరగబడింది. కొందరు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. అందరూ చేరలేదు. అలవాటు లేని పడవ, అలవాటు లేని దారి, వాతావరణ హెచ్చరిక... ఈ మూడూ ఒకే రోజున కలిశాయి. జాతీయ రహదారి మన తీరం వెంటనే పోతున్నది. లారీ కిరాయి మిగులుతుందని సముద్రం మీద తేవడం ఎవరికీ తగదు. కొత్తదైనా పాతదైనా తెచ్చిన తెప్పను మొదట వారం రోజులు ఊరి ఎదుటే, ఒడ్డు కనపడేంత దూరంలో తిప్పి చూసుకోవాలి.

తెరచాప గురించి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. ఇంజను వచ్చాక చాపను ఇంటి చూరులో దోపేశారు. డీజిలు ధర పెరిగినప్పుడల్లా మళ్లీ దించుతున్నారు. తెల్లవారకముందు నేల మీది నుంచి వీచే గాలికి లోపలికి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలికి తిరిగి రావడం మన పెద్దలు వేల ఏళ్లుగా చేసిన పని. దానికి సబ్సిడీ అక్కరలేదు. పైగా వేట నిషేధం ఇంజను పడవలకే గాని, ఇంజను లేకుండా తెరచాపతో, తెడ్డుతో వెళ్లే సంప్రదాయ తెప్పలకు లేదు. ఆ 61 రోజులూ ఒడ్డుకు దగ్గరలో నాలుగు కవళ్ల చేప తెచ్చుకునే దారి ఇంజనొక్కటే నమ్ముకున్నవాడికి మూసుకుపోతుంది. కాబట్టి తెప్ప కొనేటప్పుడు కొయ్య నిలిపే గూడు ఉన్నదా, ఆ గూడు చుట్టూ ఫైబరు పగలలేదా, గాలికి పక్కకు కొట్టుకుపోకుండా దించే పలకకు చోటున్నదా అని చూడాలి. గూడు లేని తెప్ప ఇంజను ఆగిన క్షణాన కొట్టుకుపోయే దుంగ.

పాత ఇంజను మాత్రం నేను కొనమని చెప్పను. ఉప్పునీరు తాగిన ఇంజను లోపల ఏమున్నదో విప్పితే గాని తెలియదు. పాత తెప్ప, కొత్త ఇంజను, సొంత తెరచాప: చిన్న కుటుంబానికి అప్పు మెడకు చుట్టుకోని ఏర్పాటు ఇదే.

ఇంత గొడవ ఎందుకు, ఎవరి పడవ మీదనో కూలికి పోతే సరి అనేవారున్నారు. పోతూనే ఉన్నారు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా, మన పిల్లలు గుజరాత్‌లోని వీరావల్‌కు రైలెక్కుతున్నారు. 2018 నవంబరులో అక్కడి బోట్లలో పనిచేస్తున్న మన రెండు జిల్లాలవారు పాకిస్తాన్‌కు పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చేదాకా ఆ ఇళ్లలో నిద్ర లేదు. ఒక తెప్ప సొంతంగా ఉంటే అంత దూరం పోనివారు వారిలో ఎందరో. బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బరుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. హార్బరు పెద్ద బోట్లకు ఊరట. చిన్న తెప్పవాడి బతుకు మాత్రం ఇసుక మీదనే, కెరటం ఎదుటనే.

ఇక్కడ మత్స్యశాఖకు ఒక మాట. సబ్సిడీ కొత్త పడవకే అన్న నియమం వెనుక సదుద్దేశం ఉండవచ్చు. కానీ దానివల్ల బీదవాడు తాహతుకు మించిన అప్పులోకి దిగుతున్నాడు, లేదా ఏ పరీక్షా లేని పాత తెప్పను చీకట్లో కొంటున్నాడు. పాత తెప్పను శాఖవారే పరీక్షించి, ఇది సముద్రానికి పనికివస్తుందని చీటీ ఇచ్చి, ఆ చీటీ మీద బ్యాంకివారు చిన్న అప్పు ఇచ్చే ఏర్పాటు చేయరాదా? మరమ్మతుకు కావలసిన పీచు, జిగురు మీద రాయితీ ఇస్తే కొత్త పడవ సబ్సిడీలో పదో వంతు కూడా ఖర్చు కాదు. పాడైపోయిన తెప్పలను ఒడ్డున వదిలేస్తే అవి కుళ్లవు, కాల్చితే విషపు పొగ. వాటిని వెనక్కు తీసుకునే ఏర్పాటూ ఆలోచించాలి.

నిషేధం మొదలైనప్పుడు పడవల లెక్క రాసుకోవడానికి సిబ్బంది ఎలాగూ ఊరూరా తిరుగుతారు. వచ్చే ఏప్రిల్‌లో వారి చేతిలో రిజిస్టరుతోపాటు ఒక చెక్క సుత్తి కూడా పెట్టి పంపండి. పేరు మార్పిడి దరఖాస్తులు కూడా ఆ ఒడ్డునే, ఆ రోజే తీసుకోండి. ముక్కాం నుంచి డొంకూరు దాకా ఎన్ని తెప్పలు ఖంగుమంటాయో, ఎన్ని బోలుగా పలుకుతాయో జూన్ 14 లోపలే తేలుతుంది.